ఉప్పు లాంటి ఎరువు

ఆ రోజుల్లో, అంటే అరవైల్లో, ఏ ప్రశ్నకైనా ఒకటి, రెండు, మూడు అని వరసగా జవాబు చెప్పగలిగితే చాలు, లోకం ఒప్పుకుంటుందని నమ్మేవాణ్ణి. వ్యవసాయ డిప్లొమా ముగించి పెనుకొండలో ప్రభుత్వ ఎరువుల ఉద్యోగంలో చేరాను. మొదటి పని, కొత్తచెరువు దగ్గర ఒక పెద్దరైతు చేత వేరుశెనగ చేనులో పొటాష్ వేయించడం. ఆయన వేస్తేనే ఊరు వేస్తుంది. ఊరు వేస్తేనే నా ఉద్యోగం నిలుస్తుంది.

పెద్దరైతు నేను తెచ్చిన బస్తా విప్పి చిటికెడు నాలుక మీద వేసుకున్నాడు. (ఆ ఊళ్లో మట్టయినా విత్తనమయినా ముందు నోట్లోకే పోయేది.) ఉమ్మేసి, “ఇది ఉప్పు గదప్పా! ఉప్పు చల్లితే చెనిక్కాయ ఏం గావాల?” అన్నాడు.

“ఉప్పే, కానీ ఆ ఉప్పు కాదు. పొటాషియం క్లోరైడ్. ఉపయోగాలు మూడు. ఒకటి, పైరుకు బలం. రెండు, ఆసుపత్రిలో మందు. మూడు, ఉప్పు తినగూడని వాళ్లకు ఉప్పు బదులు.”

ఆ మూడోది అరుగు మీద కూర్చున్న ఆయన తల్లి చెవిన పడింది. ధర్మవరం డాక్టరు బీపీ అని ఆమె చేత ఉప్పు మాన్పించాడట.

“ఏమబ్బా, ముందే చెప్పగూడదా! సప్పిడి సంగటి మింగలేక సస్తాండా!” అని దోసెడు కొంగులో పోసుకుని వంటింటి దారి పట్టింది.

వెంటపడ్డాను. “అవ్వా, తినొద్దు! ఇది చేనికేసేది!”

“మందంటివే?”

“ఆ మందు శుభ్రం చేసి, కొలిచి ఇచ్చేది. ఇది వేరే.”

“ఇంతకుముందు ఒకటే అంటివి గదా!”

“ఒకటే... కానీ వేరే.”

పెద్దరైతు తల గోక్కున్నాడు. “మాయమ్మ నోటికి పనికిరానిది నా చేనికెట్ల పనికొస్తాదప్పా?”

ఒకటి, అనబోయి ఆగిపోయాను. అప్పటికి ఏది ఏ ఉప్పో నాకే అయోమయంగా ఉంది. ఈలోగా అవ్వ వేలికంటినదాన్ని నాకి, మొహం చిట్లించింది.

“థూ! ఉప్పు మొగమేసుకున్న చేదు! రేయ్, ఇది ఇంట్లో ఉంటే నేనుండను. ఇప్పుడే తీస్కపోయి చేన్లో పారేసిరా!”

ప్రభుత్వానికి లొంగని మనిషి తల్లి మాటకు లొంగి, బస్తాను బండికెత్తాడు. ఎకరాకెంత వేయాలో అరుస్తూ నేను బండి వెనక పరుగెత్తాను. ఆయన వేశాడని ఊరంతా వేసింది. ఎందుకు వేశాడో ఎవరూ అడగలేదు.

ఇప్పుడు నాకూ బీపీ. మొన్న హిందూపురం డాక్టరు, ఉప్పు బదులు వాడమని చిన్న సీసా ఒకటి రాసిచ్చాడు. దాని మీద పొటాషియం క్లోరైడ్ అన్న పేరు చదివి నవ్వుకుని, సంగటి మీద కొంచెం చల్లుకున్నాను. “ఎట్లుండాది?” అంది మా ఆవిడ. ఒకటి, రెండు అని మొదలుపెట్టబోయి మానుకున్నాను.

“అవ్వ చెప్పినట్లే ఉంది,” అన్నాను.

ఏ అవ్వో ఆమెకు తెలీదు.