క్యాజువాలిటీకి జాంబీలొచ్చిన రోజు

అది 2023 డిసెంబరు. అమలాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను క్యాజువాలిటీ ఇన్‌చార్జి సిస్టర్‌ని. క్యాజువాలిటీ అంటే ప్రమాదాలు, పాముకాట్లు, గుండెపోట్లు ముందుగా వచ్చి దిగే గది. కొబ్బరిచెట్టు మీంచి పడ్డవాళ్ళు మాకు కొత్త కాదు, రొయ్యల చెరువు దగ్గర కరెంటు కొట్టినవాళ్ళూ కొత్త కాదు. అయినా తలుపు గట్టిగా తోసిన చప్పుడు వింటే ఇప్పటికీ నా గుండె ఒకసారి జారుతుంది. నేను కంగారు మనిషినని మా వాళ్ళు వెక్కిరిస్తారు. వెక్కిరించుకోనివ్వండి. ఈ ఉద్యోగంలో అసలు కంగారే పడనివాళ్ళని చూస్తే నాకు ఇంకా కంగారు.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫోనొచ్చింది. పి.గన్నవరం వైపు నుంచి వస్తున్న స్కూలు వ్యానుకి గేదె అడ్డం వచ్చి, వ్యాను కాలవ గట్టు మీద పక్కకి పడిపోయిందట. పిల్లల్ని ఆటోల్లో తీసుకొస్తున్నారట. నీళ్ళలో పడలేదన్న ఒక్క మాటకి దేవుడికి స్తోత్రం చెప్పుకుని, డ్యూటీ డాక్టరుగారిని పిలిచి, బెడ్లు ఖాళీ చేయించి, సెలైన్లు సిద్ధంగా పెట్టుకున్నాం.

మొదటి ఆటోలోంచి దిగినవాణ్ణి చూసి మా కొత్త సిస్టర్ గోడకి అతుక్కుపోయింది. ముఖమంతా బూడిదరంగు, కళ్ళ చుట్టూ నలుపు, బుగ్గ చీలిపోయి లోపలి పళ్ళు బయటికి కనిపిస్తున్నాయి. వాడి వెనకవాడికి మెడ మీద కండ ఊడి వేలాడుతోంది. ఒక ఆడపిల్లకి మోచేతి కింద చెయ్యే లేదు. అందరి బట్టల నిండా రక్తం. అప్పుడా చెయ్యి లేని పిల్ల చొక్కాలోంచి చెయ్యి బయటికి తీసి ముక్కు తుడుచుకుంది.

వెనకాలే వాళ్ళ ఇంగ్లీషు మేస్టారు కుంటుకుంటూ వచ్చి అవన్నీ జాంబీల, అంటే చచ్చి లేచి తిరిగే శవాల, వేషాలని చెప్పారు. పిల్లలు ఫోనులో ఒక జపాను బొమ్మల సీరియల్, వాళ్ళ భాషలో అనిమే, చూసి ముచ్చటపడితే ఆయన దాన్ని తెలుగు నాటకంగా మలిచారట. అమలాపురంలో స్కూళ్ళ మధ్య పోటీకి వస్తున్నారు. ఇక్కడ మేకప్పుకి టైము చాలదని బడిలోనే రంగులు వేసుకుని బయల్దేరారు. ఆ రక్తం బెల్లం పాకంలో ఎర్ర రంగు కలిపింది. మా వార్డులోకి పిల్లలకంటే ముందు ఈగలు వచ్చేశాయి.

నవ్వొచ్చేదే గాని నవ్వడానికి వీల్లేదు. వ్యాను పడిందన్నది నిజం, కాబట్టి ఈ పిల్లల్లో ఎవరికో నిజంగా దెబ్బ తగిలే ఉంటుంది. ఇలాంటప్పుడు మేం ట్రయాజ్ చేస్తాం, అంటే ఎవర్ని ముందు చూడాలో తేల్చుకోవడం. ప్రాణం మీదికొచ్చినవాళ్ళకి ఎర్ర ట్యాగు, కాసేపు ఆగగలిగేవాళ్ళకి పసుపు, తమ కాళ్ళ మీద తాము నడిచేవాళ్ళకి ఆకుపచ్చ. ట్యాగు కట్టాలంటే మనిషి రంగు చూడాలి, గాయం చూడాలి. ఇక్కడ చూస్తే అందరూ చచ్చి లేచినట్టే ఉన్నారు. తడి గాజుగుడ్డ తీసుకుని ఒక్కొక్కళ్ళ ముఖం కడగడం మొదలుపెట్టాం. తియ్యటి వాసనొస్తే పాకం, రాకపోతే నెత్తురు. ఒకడి నుదుటి మీద మూడు గాయాలుంటే రెండు గుడ్డకి అంటుకొచ్చాయి, మూడోది రాలేదు. వాడికి కుట్లు వేశాం. ఇంకొకడికి జబ్బ ఎముక విరిగింది. మిగతావి గీరుకుపోయిన దెబ్బలు. అయినా నాకు నెమ్మది లేదు, ఏదో ఒకటి ఇంకా ఆ రంగుల కింద దాక్కునుందనే అనిపిస్తోంది.

ఈ గొడవంతటిలో రంగు పూసుకోని పిల్ల ఒక్కతే కనిపించింది. తొమ్మిదో తరగతి, పేరు కుసుమ. తెల్ల చొక్కా, నీలం గౌను, రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. గుమ్మం దగ్గర ఏడ్చేవాళ్ళని ఊరడిస్తూ, మాకు పేర్లు చెబుతూ, నవ్వుతూ తిరుగుతోంది. నడుస్తోంది కదా, ఆకుపచ్చ ట్యాగు కట్టాను. కడుతూ నువ్వేం వేషమమ్మా అని అడిగాను.

"నేను మనిషినేనండి. కథలో ఊరంతా జాంబీలైపోతారండి, బడి కూడా పాడైపోద్దండి. నాకొక్కదానికి మాత్రం ఏమీ అవ్వనట్టే కనిపిస్తదండి. క్లాసులు, ఆటలు, వంటలు, అన్నీ బానే జరుగుతున్నాయనుకుంటానండి. గాయాలతో బతికి బయటపడ్డ మా ఫ్రెండ్స్ ఇద్దరూ నేను తట్టుకోలేనని నిజం చెప్పరండి."

"మరి నీకెప్పుడు తెలుస్తుంది?"

"ఆఖర్నండి," అని నవ్వి, పక్కవాడి కన్నీళ్ళు తుడవడానికి వెళ్ళిపోయింది. ఎంత చలాకీ పిల్లో అనుకున్నాను.

కాసేపటికి ఆ పిల్లే వచ్చి మంచినీళ్ళు అడిగింది. డాక్టరుగారు చూసేదాకా ఎవరికీ నీళ్ళివ్వకూడదు, ఆపరేషను అవసరమైతే కడుపు ఖాళీగా ఉండాలి. కానీ మా కోనసీమలో ఈ రూలు నిలబెట్టడం ఎవరి తరమూ కాదు. ఇక్కడ మనిషి పడిపోతే ముందు కొబ్బరి బొండం కొడతారు, తర్వాత అంబులెన్సుకి ఫోను చేస్తారు. ఆ రోజూ గట్టు మీది జనం పిల్లలందరికీ బొండాలు కొట్టించి మరీ పంపారు. తాగొద్దని అరిచేది నేనొక్కదాన్నే, పోసేవాళ్ళు ఊరంతా. ఎంతోమందిని ఈ విషయంలో తిట్టాను. ఆ అలవాటుతోనే నువ్వు బొండం తాగలేదా అని అడిగాను.

"తాగేనండి. మా ఫ్రెండ్స్ భయపడి వదిలేసినవి కూడా నేనే తాగేనండి. అయినా నోరు ఎండిపోతుందండి."

డిసెంబరు నెల. ఎండ లేదు, ఉక్కపోత లేదు. మిగతా పిల్లలకి భయంతో సగం బొండం కూడా గొంతు దిగలేదు. ఈ పిల్ల అన్ని తాగి ఇంకా నీళ్ళడుగుతోంది. ఒంట్లో నెత్తురు తగ్గిపోతున్నప్పుడు మనిషికి అలాంటి దాహమే వేస్తుంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది, నాడి సన్నగా పరుగెడుతోంది. కానీ బుగ్గలు గులాబీరంగులో మెరుస్తున్నాయి. చేతిలో ఉన్న తడి గుడ్డతో ఒక బుగ్గ తుడిచాను. గులాబీరంగంతా గుడ్డకి వచ్చేసింది. కింద చర్మం సున్నంలా తెల్లగా ఉంది. జాంబీలకి రంగు వేశారన్నదే మా బుర్రలో ఉంది గాని, సంతోషంగా ఉండే పిల్లకి కూడా రంగు వేస్తారని ఎవరికీ తట్టలేదు.

నొప్పుందా అంటే లేదండి, బానే ఉన్నానండి అంది. ఎడమ భుజం సంగతేంటని గుచ్చి అడిగాను. "ఆయ్, కొంచెం లాగుతుందండి. బేగు మోసేను కదండి, అందుకేమోనండి," అంది.

అది బ్యాగు వల్ల కాదు. పొట్టలో ఎడమవైపు పక్కటెముకల కింద స్ప్లీన్ అనే అవయవం ఉంటుంది. అది చిట్లి లోపల నెత్తురు చేరితే నొప్పి భుజంలో తెలుస్తుంది. పరుగున డాక్టరుగారిని పిలిచాను. ఆయన వెంటనే ఫాస్ట్ స్కాన్ చేశారు, అంటే పొట్టలో నెత్తురుందా అని మంచం దగ్గరే రెండు నిమిషాల్లో చూసే స్కాన్. నెత్తురు చేరిన చోటు తెర మీద నల్లటి మడుగులా కనిపించింది. బీపీ అప్పటికే పడిపోతోంది. ఆకుపచ్చ ట్యాగు కోసి ఎర్రది కట్టాను. నా కంగారు ఆ పిల్ల చూసింది. చూసి నాకే ధైర్యం చెప్పింది, ఏం పర్లేదండి అని.

సర్జన్‌గారు దారిలో ఉన్నారు, బ్లడ్ బ్యాంకుకి మనిషి వెళ్ళాడు. తాగిన బొండాల నీళ్ళు మత్తులో ఊపిరితిత్తుల్లోకి పోకుండా ముక్కులోంచి గొట్టం వేసి బయటికి తీశాను. తండ్రి అంతర్వేది దగ్గర్నుంచి చేపల వేటకి సముద్రంలోకి వెళ్ళాడు, ఫోను అందలేదు. తల్లి ఫోనులోనే ఆపరేషనుకి సరేనంది. థియేటరు తలుపు మూసుకున్నాక కారిడార్లో చూస్తే, సగం కడిగిన ముఖాలతో జాంబీలందరూ బెంచీల మీద వరసగా కూచుని ఉన్నారు. నాటకంలో కుసుమ స్నేహితురాళ్ళుగా వేసే ఇద్దరూ నా దగ్గరికి వచ్చి ఏడవడం మొదలుపెట్టారు.

"వేనులోనే కడుపులో నొప్పందండి. ఎవరికీ చెప్పొద్దందండి. తనని ఆసుపత్రిలో ఉంచేస్తే నాటకం ఆగిపోద్దని మా చేత ఒట్టేయించుకుందండి."

వాళ్ళని తిడదామనుకున్నాను. అది మానేసి, ఇద్దర్నీ చెరో పక్కా కూచోబెట్టుకుని, సర్జన్‌గారు బయటికొచ్చేదాకా ప్రార్థన చేశాను. కుసుమ వాళ్ళమ్మ జుట్టు రేగిపోయి ఆటో దిగేసరికి ఆపరేషను ముగిసింది. స్ప్లీన్ తీసేయాల్సొచ్చింది గాని పిల్ల దక్కింది.

వార్డులో కోలుకుంటున్నప్పుడు కుసుమ నన్ను పక్కన కూచోబెట్టుకుని ఆ అనిమే చూపించింది. ఎర్రగా, పచ్చగా ఎంత ముద్దుగా మొదలైందో. పిల్లలు నూడిల్స్ వండుకుంటున్నారు, పరుగు పందేలు పెట్టుకుంటున్నారు, వెనక హుషారైన పాట. తర్వాత కిటికీ అద్దం పగిలి కనిపించింది, బయట జాంబీలు కనిపించాయి. కుసుమ నా ముఖం చూస్తోంది, ఎప్పుడు భయపడతానా అని. జాంబీల్ని చూస్తే నాకేమీ అనిపించలేదు. మధ్యలో నవ్వుతూ తిరిగే ఆ పిల్లని చూసినంతసేపూ ఒళ్ళు జలదరించింది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. క్యాజువాలిటీలో ఆ సామెత చెల్లదు. అరిచేవాడికి కనీసం అరిచే ఓపికుంది. ఇప్పుడు నా దగ్గరికి ఒక గుంపు వస్తే, అందరికంటే మర్యాదగా బానే ఉన్నానండి అనేవాళ్ళ నాడి ముందు పట్టుకుంటాను. మా ప్రాంతంలో ఆ మాట అననివాళ్ళు లేరు కాబట్టి పని ఎక్కువే.

కుట్లు విప్పించుకోవడానికి కుసుమ వాళ్ళమ్మతో వచ్చింది. బల్ల మీద పడుకోబెట్టి, ఎలా ఉన్నావమ్మా అన్నాను.

"బానే ఉన్నా..." అని ఆగింది. నా వైపు చూసింది. "నొప్పిగా ఉందండి. భయంగా కూడా ఉందండి."

ఇన్నేళ్ళ సర్వీసులో ఒక పేషెంటు నొప్పి అన్నందుకు నేను సంతోషపడింది అప్పుడే. కత్తెర ట్రేలో పెట్టేసి, కుట్ల సంగతి తర్వాత చూద్దామని, ముందు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కూచున్నాను.