మేడం నాలుక అలిగిన వేసవి

మొన్న ముసునూరులో ఒక పెళ్ళికి వెళితే గుమ్మంలోనే చల్లటి గ్లాసు చేతిలో పెట్టారు. మామిడి రసమట. చుట్టూ ఎటు చూసినా మామిడి తోటలే ఉన్న ఊళ్ళో, మంచి సీజన్లో, ఎసెన్సు వాసన గుప్పుమనే రంగునీళ్ళు పోసి మామిడి రసమని ఇవ్వాలంటే ఎంత గుండె ధైర్యం ఉండాలో మీరే చెప్పండి. ఒక్క గుక్క లోపలికి పోయిందో లేదో, నేను ఆపుకునేలోపే నా మొహం ముడుచుకుపోయింది. పక్కన కూర్చున్న పెద్దావిడ నాకు పంటి నొప్పి అనుకుని లవంగం కోసం హ్యాండ్‌బ్యాగు వెతకడం మొదలుపెట్టింది. పంటి నొప్పి కాదండీ, ఇది మా మేడం మొహం, నాకు అంటుకుపోయింది అని ఆవిడకు ఎలా చెప్పను? నవ్వి ఊరుకున్నాను.

మా మేడం అంటే రాజ్యలక్ష్మి గారు. నూజివీడు దగ్గర మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో నాణ్యత చూసే విభాగానికి ఆవిడే పెద్ద. కెమిస్ట్రీ డిగ్రీ పట్టుకుని నేను ఉద్యోగంలో చేరింది ఆవిడ కిందే. ల్యాబ్‌లో తీపి కొలిచే మీటరు ఉండేది, పులుపు కొలిచే సరంజామా ఉండేది, వాటి పని నాది. కానీ అసలు తీర్పు మేడం నాలుకది. సీజన్ మొదటి రోజున మొదటి చెంచా గుజ్జు దేవుడి పటం ముందు పెట్టి, రెండో చెంచా ఆవిడకు ఇచ్చేవారు. ఆవిడ కళ్ళు మూసుకుని, దవడ అటూ ఇటూ ఆడించి, తల ఊపితేనే ఆపరేటరు స్విచ్ మీద చెయ్యి వేసేవాడు. దేవుడు ఏ ఏడాదీ అభ్యంతరం చెప్పలేదు గానీ మేడం చాలాసార్లు చెప్పారు.

మనిషి పొట్టి, గొంతు పెద్దది. కీళ్ళవాతంతో చేతివేళ్ళు వంకర తిరిగి ఉండేవి, అందుకని చెంచాను పసిపిల్లలు పట్టుకున్నట్టు గుప్పిట్లో పట్టుకునేవారు. మధ్యాహ్నం మా అందరి క్యారేజీలూ ఆవిడ తనిఖీకి వెళ్ళాల్సిందే. "మీ అత్తగారు ఊరెళ్ళారా వాణీ, ఇది నువ్వు చేసిన పప్పులా ఉంది," అని నా డబ్బా మూత తీయగానే చెప్పేసేవారు. మేనేజరు ప్రసాదు గారి ఆవకాయలో ఆవపిండి పాతదని ఒకసారి నలుగురి ముందూ అనేశారు. ఆయన వారం రోజులు తన గదిలోనే తలుపు వేసుకుని భోంచేశారు. క్యాంటీన్ వంటాయన సంగతి చెప్పక్కర్లేదు, సాంబారు గిన్నె ఆవిడ ముందు పెట్టి కోర్టులో ముద్దాయిలా చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఇంత తిట్టినా ఆవిడంటే మా అందరికీ ప్రాణం. ఆవిడ రాని రోజు అన్నం తిన్నట్టే ఉండేది కాదు.

కరోనా గొడవ సద్దుమణిగిన కొన్నాళ్ళకు, ఒక చలికాలం ఆవిడ కీళ్ళు మరీ వాచిపోయాయి. మణికట్లు, మోకాళ్ళు బిగుసుకుపోయి, పొద్దున్నే కుర్చీలోంచి లేవడానికి టేబులుతో కుస్తీ పట్టేవారు. అయినా సెలవు పెట్టలేదు. వేసవి వచ్చింది, కాయ దిగింది, దేవుడి చెంచా అయ్యాక రెండో చెంచా ఆవిడ చేతికిచ్చాం. నోట్లో పెట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. "రుచి లేదు," అని చెంచా తిరిగి ఇచ్చేసి వెళ్ళి కూర్చున్నారు. కేక లేదు, తిట్టు లేదు.

ఇక మా వాళ్ళ తెలివి చూడండి. ఎక్కడైనా ఒక మనిషి నోటికి రుచి తెలియడం లేదంటే, మనిషికి ఏమైందని అడుగుతారు. మా ఫ్యాక్టరీలో కాయకు ఏమైందని అడిగారు. ఆవిడ నాలుక తప్పు చెప్పడమన్నది మా ఊహకే అందని సంగతి. ప్రసాదు గారు అకాల వర్షమన్నారు, తర్వాత పూతకు కొట్టిన మందన్నారు. పండ్లు ముగ్గబెట్టే గదులు రెండుసార్లు కడిగించారు. ఒక్క పూట మాత్రం కరోనా అనుమానం వచ్చి మేడం ముక్కులో పుల్ల పెట్టించారు. నెగటివ్ అని రాగానే హమ్మయ్య అనుకుని మళ్ళీ కాయ మీద పడ్డారు. నా మీటరు మాత్రం తీపి బ్రహ్మాండంగా ఉందని చూపిస్తోంది. మీటరు చెడిపోయిందని దాన్ని రిపేరుకి పంపించాం.

రెడ్డిగూడెం రైతు వీరాస్వామి సరుకు రెండుసార్లు వెనక్కి పోయింది. మూడోసారి ఆయన ఒక బుట్ట, ఒక కత్తి తెచ్చుకుని గేటు దగ్గర బైఠాయించాడు. వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ ముక్క కోసి పెట్టాడు. వాచ్‌మన్ తిన్నాడు, లారీ డ్రైవర్లు తిన్నారు, ప్రసాదు గారు రెండు ముక్కలు తిని చేతులు నాక్కున్నారు. గేటు దగ్గర ప్రతివాడూ అమృతమన్నాడు. అదే మనిషి లోపలికొచ్చి మేడం మొహం చూడగానే, అవునండీ కాస్త చప్పగానే ఉంది అన్నాడు. వీరాస్వామి కోప్పడలేదు. "గేటు దాటితే కాయ రుచి మారిపోద్దా అండీ?" అని నన్ను నింపాదిగా అడిగాడు. 

ఆయన ప్రశ్నకు జవాబు క్యాంటీన్‌లో దొరికింది. ఆ మధ్యాహ్నం సాంబారులో ఉప్పు పడలేదు. మొదటి ముద్దకే అందరికీ తెలిసింది, అందరం తలలు దించుకుని పిడుగు కోసం ఎదురుచూస్తున్నాం. మేడం ముద్ద తర్వాత ముద్ద తిని, కంచం కడుక్కుని వెళ్ళిపోయారు. వంటాయన బిక్కచచ్చిపోయి, "నన్ను పనిలోంచి తీసేస్తన్నారా అమ్మా?" అని నన్ను అడిగాడు. అతనికి తన ఉద్యోగం గురించి భయం, నాకు అంతకన్నా పెద్ద భయం పట్టుకుంది.

ల్యాబ్ తలుపు దగ్గరకు వేసి ఆవిడ పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను. సాంబారులో ఉప్పు లేదు మేడం అన్నాను. "లేదా?" అన్నారు, ఎవరి ఇంటి సంగతో విన్నట్టు. వాచిన చేతులు ఒళ్ళో పెట్టుకుని చెప్పారు.

"నాకు ఏదీ రుచి లేదు వాణీ. కాఫీ లేదు, కూతురు ఫోన్ చేస్తే మాట్లాడబుద్ధి కాదు. ఒంట్లో బద్ధకం పెరిగిపోయిందని మీ అంకుల్ అంటారు, నిజమే కాబోలు. పొద్దున్నే మెలకువ వస్తే, ఈ రోజు ఎందుకు తెల్లారిందా అనిపిస్తోందే."

నాకు ఏడుపొచ్చింది. కాయ నిక్షేపంలా ఉంది, మా మేడమే బాగా లేరు. కృష్ణా జిల్లా కాయంతా కుళ్ళిపోయినా బాగుండేది, ఇది కాకపోతే చాలు అనిపించింది. ఆవిడ భర్త మూర్తి గారు బ్యాంకులో చేసి రిటైరైన మనిషి, మంచివారే. భార్యకు దిష్టి తీయించడం, పొద్దున్నే నడకకు లాక్కెళ్ళడం, పాత జోకులు చెప్పడం, ఈ మూడు వైద్యాలూ చేస్తున్నారు. ఆ జోకులు విన్న మాకే దిగులుగా ఉండేది. కీళ్ళ డాక్టరు దగ్గరకు బెజవాడ వెళ్ళాల్సిన రోజు దగ్గరపడింది గనక, ఆయన్ని ఇంట్లో ఉండమని నేను వెంట వెళ్ళాను.

డాక్టరమ్మ చిన్నావిడ. వేళ్ళు నొక్కి చూసి, రక్తపరీక్ష చూసి, వాపు బాగా ఎక్కువగా ఉందన్నారు. ఆ తర్వాత కీళ్ళు వదిలేసి, నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, ఇదివరకు ఇష్టమైనవి ఇప్పుడూ ఇష్టంగా ఉన్నాయా అని మొదలుపెట్టారు. మేడం ఓపిగ్గా విని, "మీరు మోకాళ్ళు చూస్తారా, జాతకాలు చూస్తారా?" అని అడిగారు. చాలా రోజులకు ఆవిడ నోట అలాంటి మాట విని నేను పొంగిపోయాను. అన్నీ చెప్పేయండి మేడం అని నేనే బతిమాలాను. చెప్పారు, తెల్లారడం గురించి కూడా చెప్పారు.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరకు జరుపుకున్నారు. "జ్వరం వచ్చినప్పుడు మనకి అన్నం సయించదు, మనుషులు సయించరు, ముసుగుతన్ని పడుకోవాలనిపిస్తుంది. అది బద్ధకం కాదండీ. క్రిములతో పోరాడే రోగనిరోధక శక్తే మెదడుకి కబురు పంపుతుంది, ప్రస్తుతం పడుకో అని. జ్వరం తగ్గితే ఆ కబురూ ఆగుతుంది. మీ జబ్బులో ఆ శక్తి పొరపాటున మీ కీళ్ళ మీదే దాడి చేస్తోంది, నెలల తరబడి ఆగడం లేదు. అందుకని కబురూ ఆగడం లేదేమో. డిప్రెషన్ ఉన్న వాళ్ళందరికీ ఇదే కారణమని చెప్పను, మీకైనా ఇదొక్కటే కాకపోవచ్చు. కానీ రెండూ జబ్బులే, రెండింటికీ వైద్యం ఉంది. ఈ రోజే పైఅంతస్తులో మానసిక వైద్యుణ్ణి కూడా చూసి వెళ్ళండి. తెల్లారడం గురించి నాకు చెప్పినట్టే ఆయనకీ చెప్పాలి."

మేడం తన వంకర వేళ్ళ వంక చూసుకున్నారు. తర్వాత మెల్లగా, "అయితే నేను బద్ధకస్తురాలిని కానన్నమాట," అన్నారు. పైకి వెళ్ళాం, ఆయన మందులు రాసి, వారం వారం వచ్చి మాట్లాడమన్నారు. తిరుగు బస్సులో ఆవిడ కిటికీ పక్క కూర్చుని ఏడ్చారు. టిక్కెట్టు పారేసుకుని ఏడుస్తున్నారనుకుని, ఏం ఫర్వాలేదమ్మా, నేను అడగనులే అన్నాడు కండక్టరు.

మర్నాడు ప్రసాదు గారు నన్ను పక్కకు పిలిచి, బయటికి మాత్రం అల్సరని చెబుదాం అన్నారు. మేడం చెవిన పడింది. భోజనాల వేళ అందరూ ఉండగా లేచి నిలబడి తనకు డిప్రెషన్ అని, కీళ్ళవాతం దానికి తోడని, కాయలో ఏ లోపమూ లేదని, తనకు నయమయ్యేదాకా రుచి చూసే పని వాణిదని చెప్పేశారు. అర్థమయ్యేలా చెప్పాలని ఒక ఉదాహరణ కూడా ఎత్తుకున్నారు. ఒంట్లో కాపలావాళ్ళు ఉంటారు, నా కాపలావాళ్ళు దొంగల్ని వదిలేసి నా కీళ్ళనే బాదుతున్నారు, పైగా ఇరవైనాలుగ్గంటలూ ఈలలు వేస్తున్నారు, ఆ గోల భరించలేక మెదడు దుప్పటి కప్పుకుని పడుకుంది అన్నారు. అందరికీ బాగా ఎక్కింది. గేటు దగ్గరి వాచ్‌మన్ మాత్రం నొచ్చుకుని, తాను ఎవర్నీ ఎప్పుడూ కొట్టలేదని సాయంత్రం దాకా కనిపించిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు.

ఆ ఉపన్యాసం ఫలితం ఇంకోటి. కాయలు ఏరే కోటమ్మ, దిగులు పోవడానికని నొప్పుల బిళ్ళలు మింగడం మొదలుపెట్టింది. మేడంకి తెలిసి ఆమెను పిలిచి కూర్చోబెట్టారు. "నా దిగులుకి నా వాపు తోడైంది, నీ దిగులుకి నీ మొగుడి తాగుడు తోడైంది. రెంటికీ ఒకటే బిళ్ళ ఎలా పనిచేస్తుందే?" అని ఆ బిళ్ళలు లాక్కున్నారు. లాక్కుని ఊరుకోలేదు, తర్వాతి వారం బెజవాడ బస్సులో కోటమ్మను కూడా ఎక్కించారు. తనకే ఏ రుచీ తెలియని రోజుల్లో ఇంకొకరి కోసం ఆవిడ ఆ పని ఎలా చేయగలిగారో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. వీరాస్వామికి కూడా తానే ఫోన్ చేసి, కాయ మంచిదే, నేనే బాగా లేనయ్యా అన్నారు. "నయమైనాక తిందురుగానీ అమ్మా, తోట యాడికి పోద్ది," అన్నాడాయన.

మందులు రాత్రికి రాత్రి పనిచేయలేదు. కీళ్ళ వాపు ముందు కాస్త తగ్గింది, నిద్ర తర్వాత దారికొచ్చింది, మధ్యలో అసలు మంచం దిగని రోజులూ ఉన్నాయి. ఆ రోజుల్లో మూర్తి గారు జోకులు మానేసి, ఊరికే పక్కన కూర్చుని పేపరు చదువుకునేవారట. అదే బాగుందని మేడం చెప్పారు. ఫ్యాక్టరీలో చెంచా నా చేతిలో ఉండేది. పొద్దున్నే రుచి చూసి తల ఊపుతుంటే, ఎవరి చీరో కట్టుకుని పేరంటానికి వెళ్ళినట్టుండేది.

సీజన్ చివర్లో, వానలు పడ్డాక, కలెక్టరు రకం మామిడి గుజ్జు నడుస్తోంది. నేను చూసి సరే అన్నాను, లైను మొదలైంది. మేడం అలా నడుచుకుంటూ వచ్చి, ఏమీ అనకుండా నా చేతిలోంచి చెంచా తీసుకుని గుప్పిట్లో పట్టుకున్నారు. నోట్లో పెట్టుకున్నారు. దవడ అటూ ఇటూ ఆడింది. మొహమంతా ముడుచుకుపోయింది.

"పులుపు. ఎవరు పాస్ చేశారిది?"

నేనేనండీ అన్నాను. ఇక అందుకున్నారు. నా డిగ్రీని తిట్టారు, నాకు డిగ్రీ ఇచ్చిన కాలేజీని తిట్టారు, ఆ వరసలో ఎందుకో మా అత్తగారి పప్పును కూడా తిట్టారు. లైను ఆగిపోయింది, ఆపరేటరు నవ్వుతున్నాడు, కోటమ్మ పవిట చెంగుతో కళ్ళు తుడుచుకుంటోంది, వంటాయన గరిటెతో సహా పరుగెత్తుకొచ్చాడు. నేను వెక్కి వెక్కి ఏడుస్తున్నాను. నేను నొచ్చుకున్నాననుకుని ప్రసాదు గారు ఓదార్చబోయారు. ఆగండి సార్, ఇంకాసేపు తిట్టనివ్వండి అన్నాను.

మేడం ఇప్పుడు రిటైరై మైలవరంలో ఉంటున్నారు. మందులు మానలేదు, ఫోన్లో తిట్టడమూ మానలేదు. ఆవిడ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. నా దగ్గర పనిచేసే పిల్లల్లో ఎవరైనా నన్ను విసుక్కుంటే, నాతో గొడవపడితే, నాకు చింత లేదు. ఎప్పుడూ కూర బాగాలేదని పోట్లాడే మనిషి ఒకరోజు ఏదైనా ఒకటేలెండి అంటే మాత్రం నా గుండె జారిపోతుంది. చేతిలో పని పక్కన పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుని, రాత్రి నిద్ర పట్టిందా అమ్మా అని అడుగుతాను. జవాబు రావడానికి చాలాసేపు పడుతుంది. నేను లేవను.