పేరు లేని మామిడి

పెద్దమందడి దగ్గర మా అత్తగారి చేలో ఆరు మామిడి చెట్లుండేవి. అన్నీ బేనిషాన్ అంట్లని తెచ్చి నాటినవే. ఐదు చెట్లు ఏటా కాస్తున్నా ఆరోది పూత మొహం ఎరుగదు. నేను కాపురానికి వెళ్లిన రెండో వేసవిలో తొమ్మిదంటే తొమ్మిది కాయలు కాసింది. కాయ పొట్టి, ముక్కు వంకర. బేనిషాన్ కానే కాదు.

మామ దాన్ని కొట్టేసి బత్తాయి పెడతానన్నాడు. బోరు ఎండిన ఏడాది బిందెలతో నీళ్లు మోసి దాన్ని బతికించింది అత్తమ్మ. ఆమె మాట్లాడటమే మానేసింది. ఆ మౌనం భరించలేక మామ ఒక మెట్టు దిగాడు.

"పేరున్న రకమైతే ఉంచుదం. లేకుంటె కొట్టుడే."

కాయల్ని గడ్డిలో మాగబెట్టాం. నేను కాయిన్ బాక్సు నుంచి ఫోన్ చేసి మా అన్నను రప్పించాను. మాది కొల్లాపూర్ వైపు, మామిడి సంగతి మాకు తెలిసినంత ఇంకెవరికి తెలుసునని నా పొగరు. అన్న ఒకటి తిని హిమాయత్ అన్నాడు. పక్క చేను పెద్దాయన రెండు లాగించి దసేరి అన్నాడు. మామ ఒకటి తిని, సరిగా తెలియలేదని ఇంకోటి అందుకున్నాడు. నేనేం తక్కువ తిన్నానా? రసాలేనని వాదిస్తూ మోచేతుల దాకా కార్చుకున్నాను. అబ్బ, ఏం తీపి! నవ్వీ నవ్వీ కడుపులు పట్టుకున్నాం. రకం తేలలేదు గానీ పండ్లు అయిపోయాయి. అత్తమ్మకు ఒక్క ముక్కా మిగల్చలేదని అప్పుడు చూసుకుని సిగ్గుతో చచ్చాను.

సాయంత్రం అంట్లు కట్టే మనిషి వచ్చి టెంకలు తిప్పి చూశాడు, చెట్టు మొదలు గీకి చూశాడు. పైన కట్టిన బేనిషాన్ ఎప్పుడో ఎండిపోయి, కింది నాటు మొక్కే చిగురేసి చెట్టయిందట.

"గిది టెంక మొక్క. దీనికి పేరంటు ఏం లేదు," అన్నాడు.

అత్తమ్మ మొహం మాడిపోయింది. అందరం మామ వైపు చూశాం. ఆయన ఇంకా టెంక చీకుతున్నాడు. మా దిక్కు మగవాళ్లు పెండ్లాం పేరు పలకరు. ముప్పై ఏండ్ల కాపురంలో ఆయన నోట "ఓయ్" తప్ప అత్తమ్మ పేరు విన్నవాళ్లు లేరు. మామ టెంక పక్కన పెట్టి, గొంతు సవరించుకుని, ఆ పేరు పలికాడు.

"గదే దీని పేరు," అన్నాడు.

అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంట్లోకి ఉరికింది. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

ఆ తర్వాత మామ రోజూ పొద్దున్నే చెట్టును ఆ పేరు పెట్టి పిలిచి, నీళ్లు పెట్టారా అని అడిగేవాడు. అత్తమ్మను మాత్రం ఎప్పటిలాగే ఓయ్ అనేవాడు. ఆమె రెంటికీ పలికేది.