రంగనాథ్ గారి నోబెల్ జోస్యం

రంగనాథ్ గారికి ఒకటే పిచ్చి. అర్థశాస్త్రంలో నోబెల్ ఎవరికొస్తుందో ముందే చెప్పాలి. పదకొండేళ్ళుగా చెబుతున్నారు, పదకొండేళ్ళుగా తప్పుతున్నారు. కళ్ళు మూసుకుని రాయి విసిరినా ఏదో ఒక ఏడాది ఎవరో ఒకరికి తగలాలి కదా! ఈయన రాయి ఎవరికీ తగల్లేదు.

కోకాపేటలో మా సాఫ్ట్‌వేరు ఆఫీసు పందొమ్మిదో అంతస్తు. లిఫ్టులో ఆయన పక్కన ఇరుక్కున్నామా, ఇక అంతే సంగతులు.

"జయంతి గారూ, ఈసారి వేలంపాటల సిద్ధాంతం వాళ్ళకేనండీ, రాసిపెట్టుకోండి."

"పోయినేడాదీ వాళ్ళకే అన్నారు కదండీ?"

"పోయినేడాది కమిటీ తొందరపడిందండీ."

తప్పు ఎప్పుడూ కమిటీదే. ఒక ఏడాది ఆయన ఎంచుకున్న పెద్దమనిషి నాలుగేళ్ళ క్రితమే పోయాడు. పోయినవాళ్ళకు ఇవ్వరండీ బాబూ అంటే, "అదేం సంకుచితత్వమండీ!" అని మధ్యాహ్నం భోజనం కూడా సరిగా చేయలేదు.

ఇంత వైభవానికి మా కంపెనీలో ఒక ప్రాజెక్టు కూడా ఉంది. భవిష్యత్తు చెప్పే యంత్రం మా దగ్గర ఉందని క్లయింట్లకు గొప్పలు పోవడానికి మా పెద్ద మేనేజరు మహేందర్ దానికి పనిరోజులు రాసుకునే ప్రాజెక్టు కోడ్ ఇచ్చాడు. పని ఒక ఎక్సెల్ షీటు. సిబ్బంది ఇద్దరు. ఒకరు రంగనాథ్ గారు. రెండోవాళ్ళు ఏటా మారేవారు. ఆ రెండో మనిషిని చూసి మేమంతా జాలిపడేవాళ్ళం, ఎక్కువగా నేనే.

ఈ ఏడు ఆ పాపం రేఖ నెత్తిన పడింది. షాద్‌నగర్ పిల్ల, చురుకైనది. ఆమె ప్రాజెక్టు ఆగిపోవడంతో బెంచి మీదికొచ్చింది. పనిలేకుండా అరవై రోజులు దాటితే మా కంపెనీలో దండం పెట్టి పంపించేస్తారు. ఆమెకు అప్పటికే యాభై రెండు రోజులు నిండాయి.

"ఈ కొలువు పోతే మా నాయన లగ్గం జేస్తడు మేడమ్. పిలగాన్ని గూడ చూసి పెట్టిండు" అంది నాతో, బిక్కమొహం వేసుకుని.

అలాంటి పిల్లను పట్టుకెళ్ళి నోబెల్ షీటు ముందు కూర్చోబెట్టారు రంగనాథ్ గారు. నాకు ఒళ్ళు మండింది. ఈయన పిచ్చికి పిల్ల బతుకు బలా?

అక్టోబరులో ఆ సోమవారం రానే వచ్చింది. మధ్యాహ్నం మూడుంపావుకు అంతస్తంతా టీవీ ముందు చేరింది. పేర్లు చెప్పారు. రంగనాథ్ గారి జోస్యం పన్నెండోసారి గంగలో కలిసింది. అందరూ ఈలలు వేశారు. మహేందర్ అయితే కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వి, "ఇంకో ఏడాది చేయండి సార్, పర్వాలేదు!" అన్నాడు.

రేఖ మాత్రం నన్ను పక్కకు లాగింది. "మేడమ్, నా లెక్కల గా పేర్లే ఫస్టొచ్చినయ్! పొద్దుగాల సార్ చూసిండు. చూసి, మొత్తం మార్చేసిండు."

ఇక ఆగుతానా? నేరుగా ఆయన దగ్గరికే వెళ్ళాను. "ఏమండీ, పిల్లకు పేరొస్తుందనా మీ కుళ్ళు?"

ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, ప్రాజెక్టు అనుమతి కాగితం తెరిచి చూపించారు. మహేందర్ సంతకం పెట్టిందే. 'జోస్యం ఒక్కసారి నిజమైతే పని పూర్తయినట్టు. ఆ రోజే కోడ్ మూసివేయబడును.'

"కోడ్ కింద ఉన్నన్నాళ్ళే బెంచి రోజుల లెక్క ఆగుతుందండీ. ఇవాళ నిజమైతే రేఖమ్మకు మిగిలేది ఎనిమిది రోజులు. ఇప్పటికి పదకొండు మందిని ఇలాగే గట్టెక్కించాను. తప్పు చెప్పడం చిన్న విషయం కాదండీ, చాలా చదవాలి."

పన్నెండేళ్ళు ఊరంతా నవ్వుతుంటే ఈ మనిషి ఎలా ఊరుకున్నాడో! కుళ్ళు అన్నందుకు నాకు సిగ్గేసింది.

మూడు వారాలకు ఒక బ్యాంకు ప్రాజెక్టు వాళ్ళు రేఖను ఇంటర్వ్యూ చేశారు. ఆ షీటు ఎలా కట్టిందో ముప్పావు గంట చెప్పిందట. వెంటనే తీసుకున్నారు. పిలగాడికి ఇప్పట్లో లగ్గం లేదని షాద్‌నగర్‌కు కబురు వెళ్ళింది.

ఆ వారం శుక్రవారమే నా ప్రాజెక్టు ఆగిపోయిందని మెయిలొచ్చింది. పదహారేళ్ళ సర్వీసు, నేనూ బెంచి మీదికే! సీట్లో కొయ్యబారి కూర్చుంటే రంగనాథ్ గారు వచ్చి, నా బల్ల మీద టీ పెట్టారు.

"జయంతి గారూ, మీకు అర్థశాస్త్రం వచ్చాండీ?"

"ఒక్క ముక్క రాదండీ."

"అమ్మయ్య! రేఖమ్మతో ఈ ఏడు గుండె ఆగినంత పనయిందండీ. రండి, కూర్చోండి."