మా కొట్లో నూకరత్నం చూసిన చీటీ

కొత్త చీర మడత విప్పగానే వచ్చే గంజి వాసనకి అందరికీ పెళ్ళిళ్ళు గుర్తొస్తాయేమో, నాకు మాత్రం నూకరత్నం గుర్తొస్తుంది. వెంటనే కడుపు మండుతుంది. పదేళ్ళు దాటినా చల్లారలేదు, దాచుకోవడం దేనికి?

శ్రీకాకుళంలో ఎమ్మెస్సీ చదివే రోజులవి. మాది బట్టల కొట్టు. నా క్లాస్‌మేట్ నూకరత్నానిది భావనపాడు, వాళ్ళమ్మ చేపలమ్మి చదివించేది. మా మేడమ్ దగ్గర ప్రాజెక్టు చేయడానికి ఒక్కరికే చోటుంది. సెమినార్ బాగా చెప్పినవాళ్ళకే అది. నాకు వచ్చిన అంశం సీబీఎక్స్5 అనే మానవ జన్యువు నుంచి తయారయ్యే ప్రోటీన్. హిస్టోన్లనే ప్రోటీన్ ఉండల చుట్టూ చుట్టుకున్న డీఎన్ఏని అది దగ్గరికి లాగి, అక్కడి జన్యువుల నోరు మూయిస్తుంది. అంతా బట్టీ పట్టాను గానీ ఒక్క ముక్క తలకెక్కలేదు. "నోరు మూయించడమంటే జన్యువుని పాడుచేసేయడమే కదే?" అని మా కొట్లో కూర్చుని ఆమెనే అడిగాను.

"ఏటే నువ్వు! మీ అటక సూడు. ఇప్పుడు అమ్మని మూటల మీద మీ నాయిన చీటీ అంటించినాడు కదా. చీటీ సూసినోడు మూటలన్నీ దగ్గిరకి కట్టి పైకెక్కించేత్తాడు. బట్ట సిరగనేదు, పారేయనేదు. హిస్టోన్ మీద గుర్తే ఆ చీటీ. అది సూసీవోడే నీ ప్రోటీను."

నేను పుట్టి పెరిగిన కొట్టు! ఇరవయ్యేళ్ళుగా ఆ అటక మీద నాకు దుమ్ము తప్ప ఏమీ కనబడలేదు. ఆమె వచ్చింది రెండోసారో మూడోసారో. ఒళ్ళు మండిపోయింది.

సెమినార్‌లో ఆ మాటలే నా మాటలుగా చెప్పేశాను. మేడమ్ మురిసిపోయి, "మరి చీటీ లేని పక్క మూట కూడా అటకెక్కుతుందే, అదెలాగ?" అన్నారు. నేను నోట్సు కాగితాలు తిరగేయడం మొదలుపెట్టాను. "ఎవరికైనా తెలుసా?" అన్నారు. నూకరత్నం చెయ్యి సగం లేచింది. నా మొహం చూసి దించేసుకుంది. ప్రాజెక్టు నాకొచ్చింది.

సాయంత్రం బస్సులో చెప్పింది. "చీటీ సూసీవోడే చీటీ రాసీవోడిని ఎంటెట్టుకొస్తాడే. అందుకే పక్క మూటకీ చీటీ పడతాది."

"తెలిసీ ఎందుకు చెప్పలేదు?"

"నీ సెమినారు కదేటి!"

తెలివిలో ఓడిపోతే ఎలాగో సర్దుకునేదాన్ని. మంచితనంలో కూడా ఓడించి, పక్కన కూర్చుని పల్లీలు తినమని పెట్టింది. ఆ పూట నాకు ఆమె మీద వచ్చినంత ఏడుపు ఇంకెవరి మీదా రాలేదు.

ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతున్నాను. ఏది చెప్పాలన్నా ముందు పిల్లల ఇంట్లో దానిలాంటిది ఏముందా అని వెతుకుతాను. ఆ అలవాటు ఆమెదే. మొన్న అటక పాఠం అయ్యాక ఒకమ్మాయి అడిగింది, "ఇది మీకెలా తట్టింది మేడమ్?"

నూకరత్నం పేరు పెదవుల దాకా వచ్చింది.

"మా కొట్టే కదమ్మా" అన్నాను.