దర్వాజ దగ్గరి అడుగులు

సిద్దిపేట జిల్లా అయిన మరుసటి ఏడాది జూన్‌లో, అక్కడి ఒక నృత్య పాఠశాలకు పేరిణి అధ్యాపకుడిగా నాకు బదిలీ అయింది. చేరి నెల తిరగకముందే పని పడింది. ఆగస్టు పదిహేనున మైదానంలో, సరిహద్దులో ప్రాణాలిచ్చిన జవాన్ల మీద ఎనిమిది నిమిషాల అంశం చేయాలి. పాట, అడుగులు, వేషాలు కలిసిన ఒక ప్రదర్శనను మేం అంశం అంటాం. దాని రాతప్రతిని ముందే ఉత్సవాల అధికారికి చూపించి సంతకం తీసుకోవాలి. తీసుకున్నాను.

పేరిణి యుద్ధానికి బయలుదేరే ముందు వీరులు ఆడేదని చెబుతారు. ఉరకలు, గెంతులు అందులో కావలసినన్ని. తిరిగి రానివాడి కోసం అడుగులు లేవు. ఆ లోటు నాకప్పుడు కనిపించలేదు. తుపాకులు పేల్పించి, జవానును పడేసి, అతని మీద భార్యను పడేసి ఏడిపించి, చివర జెండా ఎత్తించాను. తలపండినవాణ్ణన్న పొగరు, ఇంకేముంది!

ఆ భార్య పాత్ర స్రవంతికిచ్చాను. చిన్నకోడూరు దిక్కు పిల్ల, పదో తరగతి. సైన్యంలో ఉన్న తండ్రి అంతకు ముందు ఏడాది వానాకాలంలో సరిహద్దులో చనిపోయాడు. సాత్త్వికం, అంటే లోపలి భావం ఒంటి మీదికి రావడం, ఈ పిల్లకు నేర్పకుండానే వస్తుందని లెక్క వేశాను. పుండు మీద కారం చల్లుతున్నానని తట్టలేదు. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

ఆమె హస్తముద్రల్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ముఖం మాత్రం గోడలా ఉండేది. మూడు రోజులు చూసి నాలుగో రోజు, ఏడుపు రాకపోతే ఈ పాత్ర నీకెందుకని అందరి ముందూ కేకలేశాను. ఆమె గజ్జెలు విప్పి పక్కన పెట్టి ఇంటికి వెళ్లిపోయింది.

మర్నాడు తల్లి సుజాత వచ్చింది. తగాదాకు వచ్చిందనుకుని నేను కుర్చీ కూడా చూపించలేదు. ఆమె గొంతు పెంచలేదు.

"సారూ, మా ఇంట్ల ఎవ్వరు అట్ల మీద పడి ఏడ్వలే. పెట్టె వచ్చిననాడు ఊరంత వచ్చింది. దండలేసిన్రు, జై కొట్టిన్రు. గా జనంల మాకు ఏడ్వనీకి జాగ దొరకలే."

మరి స్రవంతి ఏం చేసిందని అడిగాను. ఏమీ చేయలేదట. ఇంట్లో చావు జరిగితే ఆ ఏడాది బతుకమ్మ పేర్చరు, ఆడరు. వాడకట్టు ఆడవాళ్లంతా ఆడుతుంటే పిల్ల దర్వాజ దగ్గర నిలబడి చూసిందట.

"కాళ్లు మాత్రం ఆడుతుండె సారూ. చేతులు గట్టిగ కట్టుకున్నది. అది చూసినంక నా గుండె పలిగినట్లయింది."

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను. తప్పు నాదని స్రవంతికి చెప్పి, ఆడడం మానడం నీ ఇష్టం అన్నాను.

"పడిపోవుడు వద్దు సార్. మా బాపు పడంగ నేను చూడలే. నేను చూసింది ఆడుత," అన్నది.

తుపాకులు తీసేశాను. పదిమంది పిల్లలు గుండ్రంగా బతుకమ్మ ఆడతారు. అడుగు, వంపు, చప్పట్లు. స్రవంతి బయట నిలబడి అవే అడుగులు వేస్తుంది, చేతులు మాత్రం కట్టుకునే ఉంటుంది. ప్రతి చుట్టులో ఆమె దగ్గరికి రాగానే ఒక మనిషి పట్టేంత జాగ వదులుతారు. ఆమె లోపలికి రాదు. చివర పాట ఆగి గజ్జెల చప్పుడే మిగులుతుంది.

రిహార్సల్ చూసిన అధికారి, పండుగ పూట ఈ శోకమేమిటి, జెండా ఏదీ అని మండిపడ్డాడు. సంతకమైన ప్రతిని అడగకుండా మార్చడం తప్పే, ఒప్పుకున్నాను. అయినా ఉంటే ఇదే ఉండనీయండి, లేదా తీసేయండి అన్నాను. ఎనిమిది నిమిషాలను నాలుగు చేసి, గొణుక్కుంటూ మళ్లీ సంతకం పెట్టాడు.

పదిహేనున పాట ఆగాక మైదానంలో ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. అంశం పోయిందనే అనుకున్నాను. సన్మానానికి పిలిచిన సుజాత షామియానా కింద ముందు వరుసలో ఉంది. కప్పిన శాలువాలో ముఖం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. పక్కవాళ్లు ఓదార్చబోతే, "ఏడ్వనీయుండ్రి," అన్నది.

నేర్చుకున్నది ఇంతే. యుద్ధం మీద అంశం కట్టేవాడు గెలుపూ ఓటమీ రాసే ముందు, ఆ కబురు చేరిన ఇంటికి వెళ్లి అడగాలి. రిటైరయ్యేదాకా అలాగే చేశాను. ఒకసారి ఒక ఇంటివాళ్లు వద్దన్నారు. ఆ ఏడాది ఆ అంశం ఆడలేదు.