గుంటలో పడేసిన నారు

భూతద్దం పిన్ని చేతిలో భూతద్దం ఎప్పుడూ లేదు. ఆ పేరు ఆమె కళ్లను చూసి పెట్టారు. ఇరవై రెండేళ్లుగా టమాటా నారు పెంచే ఆ షెడ్డులో ఆమెదే ఆఖరి మాట. ట్రే ఎత్తి వెలుతురుకు పట్టేది. ఆకు మీద ఆవగింజంత మచ్చ కనిపించినా సరే, ట్రే మొత్తం వెనక గుంటలోకి పోవలసిందే. "నా కళ్లు కప్పి ఒక్క తెగులు గుమ్మం దాటలేదు" అని చెప్పుకోని రోజు లేదు. అబ్బో, ఆ మాట అనేటప్పుడు ఆవిడ నిలబడే తీరు చూడాలి!

ఆమె మరిది భార్య కూడా ఆ షెడ్డులోనే పనిచేసేది. తోడికోడల్ని పనిలో పెట్టించింది పిన్నే. ఆ సంగతి వారానికోసారి గుర్తుచేసేదీ పిన్నే. తోడికోడలు నోట్లో నాలుక లేని మనిషి. అలాంటిది ఓ రోజు మచ్చలున్న నాలుగు ట్రేలు బల్ల కింద దాచి దొరికిపోయింది.

"అక్కా, ఒక్కసారి చూడు. పది రోజులైంది, ఈ మచ్చ పెరగట్లేదు. సూదిమొనంతే ఉంది. మొక్క మాత్రం బానే ఎదుగుతోంది. ఇందులో ఏదో ఉంది."

"ఏముంటుందే? నీ బుర్రలోనే గుజ్జు లేదు!" పద్దెనిమిది మంది పని ఆపి చూస్తున్నారు. చూసేవాళ్లుంటే పిన్నికి ఊపు ఎక్కువ. "మొన్న వచ్చి నాకే నేర్పుతావా? తెగులు మొక్కల్ని దాచి షెడ్డంతా అంటిద్దామనా? నిన్ను తెచ్చి ఇక్కడ పెట్టినందుకు నా చెప్పుతో నేనే కొట్టుకోవాలి!"

అందరూ గొల్లున నవ్వారు. సాయంత్రానికల్లా యజమాని తోడికోడల్ని పనిలోంచి తీసేశాడు.

మూడు వారాలు తిరగలేదు. పిన్ని ఏరి నిలబెట్టిన నారు, మచ్చన్నది లేకుండా నిగనిగలాడిన ఆ నారంతా, ఆకు పైన పసుపెక్కి, కింద బూజు పట్టి వాలిపోయింది. యజమాని నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. "ఆ మచ్చల ట్రేలు దాచిన మహాతల్లి అంటించిపోయింది" అన్నాడు. ఆ మాట నాలుగు వీధులూ పాకింది. తోడికోడల్ని మరో షెడ్డువాళ్లు గుమ్మం ఎక్కనివ్వలేదు. పిన్ని కూడా "అంతేగా మరి" అని తలూపింది.

అప్పుడు మొక్కల డాక్టరమ్మ వచ్చింది. షెడ్డంతా చూసి, వెనక గుంట దగ్గర ఆగిపోయింది. పారేసిన ట్రేల్లోంచి టమాటా మొక్కలు మోకాలెత్తు లేచి ఉన్నాయి. కింది ఆకుల మీద అవే సూదిమొన మచ్చలు. బూజు మాత్రం లేదు.

"బంగారంలాంటి మొక్కలండీ ఇవి! గుంటలో వేశారేంటి?" అందామె. "మీ విత్తనంలో రెండు రకాలు కలిశాయి. ఈ బూజు బతికున్న ఆకునే తింటుంది. లోపలికి దూరగానే ఏవో రసాలు వదిలి మొక్క కాపలాని నిద్రపుచ్చేస్తుంది. ఇంట్లో దొంగ ఉన్నాడని మొక్కకే తెలీదు, అందుకే మొదట్లో పైకి మచ్చుండదు. ఇవి అలా మోసపోలేదు. దొంగని పసిగట్టి, వాడు దూరిన చోట తమ ఆకునే కాస్త చంపుకుని, వాడికి తిండి లేకుండా చేశాయి. అన్ని మచ్చలూ మంచివని కాదు, పెరగని ఈ మచ్చ మంచిది. ఎవరు ఏరేశారు వీటిని?"

ఆడవాళ్లంతా నేలచూపులు చూశారు. "మా పిన్ని కళ్లు పొరపడవు లెండి," అన్నాడు యజమాని. "ఆ తీసేసిన మనిషి చేసిన గందరగోళమే ఇదంతా."

ఇప్పుడైనా పిన్ని నోరు విప్పాలి కదా? విప్పలేదు. పక్కనే నిలబడి చేతులు తుడుచుకుంటూ ఉండిపోయింది. ఇరవై రెండేళ్లలో ఇలాంటి మొక్కల్ని ఎన్నింటిని గుంటలో వేసిందో! పిన్నికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. మొక్కల సంగతి అలా ఉంచండి, తన నోటితో ఓ మనిషి కూడు పోగొట్టి, ఆ నింద కూడా ఆమె మీదే ఉండనిచ్చింది.

సాయంత్రం గుంటలోంచి ఒక మొక్కను వేళ్లతో సహా తీసుకుని తోడికోడలి ఇంటికి వెళ్లింది. ఆమె గుమ్మంలో కూర్చుని చొక్కాకి గుండీ కుడుతోంది.

"తప్పంతా నాదేనే. నీకు కనిపించింది నాకు కనపడలేదు. నువ్వు చెప్తుంటే నోరు నొక్కేశాను. ఇవాళ డాక్టరమ్మ అడిగితే కూడా పెదవి విప్పలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను."

తోడికోడలు మొక్కను అందుకుని కింది ఆకు తిప్పి చూసింది. "పెరగలేదు, చూశావా," అంది. ఆకును వదిలి మళ్లీ అంది. "ఇక్కడికొచ్చి చెప్పావు, సంతోషం అక్కా. కానీ నన్ను తిట్టింది ఇక్కడ కాదుగా."

మర్నాడు పొద్దున్న పిన్ని షెడ్డు మధ్యలో నిలబడింది. "అందరూ కాస్త పని ఆపండి," అంది. ఆపారు. యజమాని కూడా వచ్చి నిలబడ్డాడు.

"గుంటలో వేసింది నేను. మంచి మొక్కని పారేసి, తెగులు మొక్కని నిలబెట్టింది నేను. మా తోడికోడలు చెప్పింది, నేను విన్లేదు, మీ అందరి ముందూ దాన్ని తిట్టాను. దాన్ని పిలిపించండి. ఇక ట్రేలు అది చూస్తుంది, నేను మోస్తాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒక్కరైనా నవ్వితే బాగుండునని పిన్నికి అనిపించింది.